వచ్చే ఏటి వంతు

“నా వచ్చే ఏడాదిని మా తమ్ముడు తినేశాడండీ!” అంటూ సుభాష్ మామిడి పాదులోంచి పిడికెడు మట్టి తీసి హన్నా ముక్కు దగ్గర పెట్టాడు. మందు వాసన గుప్పుమంది.

హన్నా మొహం మీద పడుతున్న జుట్టును వెనక్కి తోసుకుంది. రేపటి గురించి జనం ఎలా ఆలోచిస్తారన్నది ఆమె ఆంత్రోపాలజీ పరిశోధన. నూజివీడు వైపు అన్నదమ్ములు పంచుకోని తోటలున్నాయని విని నెల క్రితం వచ్చింది. ఈ తోటలో ఒక ఏడు కాపు అన్న సుభాష్‌ది, మరుసటి ఏడు తమ్ముడు రాజీవ్‌ది. ఈ ఏడు రాజీవ్ వంతు.

నిన్న ఆమె తన సొంతింటికెళ్ళి తిరిగొస్తుంటే హనుమాన్ జంక్షన్లో సుభాష్ కనబడి బండెక్కించుకున్నాడు. “మోటారు ఆయిలండీ, కాస్త పట్టుకోండి” అని ఒక కవరు ఇచ్చాడు. అది కారుతుంటే, వెనక కూర్చున్న హన్నా జుట్టు బ్యాండే తీసి మూతి బిగించింది. దారంతా తమ్ముడి ముచ్చట్లే. “పట్టా నా పేరునే ఉందండీ. అయినా నాన్నకిచ్చిన మాట మాటే” అన్నాడు. ఎంత మంచి మనిషి!

“పూత మందు పోస్తే ఈ ఏడు విరగకాస్తాయండీ. నా వంతొచ్చేసరికి చెట్లు ఉసూరుమంటాయి” అన్నాడు సుభాష్.

కేకలకి రాజీవ్ పరిగెత్తుకొచ్చాడు. “నేను పోయలేదన్నయ్యా, అమ్మ మీద ఒట్టు!”

“తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా?”

హన్నా రాజీవ్ వైపు తిరిగింది. “అవతలివాళ్ళ రేపటిని కాపాడడమే వంతని రాసుకున్నాను రాజీవ్ గారూ. మీరింత పని చేస్తారనుకోలేదు.”

రాజీవ్ తెల్లబోయాడు. “నెల్రోజులు మా ఇంట్లో తిన్నారు. మీరూ నమ్మేశారా అండీ?”

“ఇక వంతూ లేదు, గింతూ లేదు. తోటలో అడుగుపెట్టావంటే ఊరుకోను” అన్నాడు సుభాష్. “రేపు పెద్దమనుషుల ముందు మీరే చెప్పాలండీ హన్నా గారూ. నేను చెబితే పట్టా కోసం అంటారు.”

“చెప్తాను” అంది హన్నా గట్టిగా.

సుభాష్ విసురుగా తోటలోనే ఉన్న రాజీవ్ పాకలోకి వెళ్ళి, ఎరువు బస్తాల వెనక చెయ్యి పెట్టాడు. “ఇదిగో, దొంగ దొరికాడు!” అంటూ మందు డబ్బా ఉన్న కవరు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు.

హన్నా వంగి చూసింది.

కవరు మూతికి ఆమె జుట్టు బ్యాండు ఉంది.