దీన్ని ఎప్పుడు వాడకూడదు

తలుపు సందులోంచి కంప్యూటర్ వెలుగు నేల మీద సన్నటి గీతలా పడింది.

కాఫీ కప్పుతో ఆ గీత ఇవతలే నిలబడిపోయాడు భర్త.

లోపల కీబోర్డు చప్పుడు. ఆగుతుంది. ఏదో ఆలోచించుకున్నట్టు కాసేపు ఊరుకుంటుంది. మళ్లీ మొదలవుతుంది.

ఒక్కో మాటకీ అంత ఆలోచన. తనతో మాట్లాడేటప్పుడు భార్య ఎన్నడైనా అంత ఆలోచించిందా?

పొద్దున అతని కళ్లజోళ్ల దుకాణానికి బావమరిది వచ్చాడు. చూపు పరీక్షకని కూర్చున్నాడు గానీ, అతని ధ్యాసంతా అక్క మీదే.

"బావా, అక్క ఇంట్లో మాట్లాడుతోందా?"

"ఎందుకు మాట్లాడదు? గ్యాస్ అయిపోయిందని చెప్తుంది. పాలు విరిగాయని చెప్తుంది."

"నాకు ఫోన్ చేస్తే మాత్రం తను కంప్యూటర్లో పని నేర్పుతున్న ఆ ఏఐ ఏజెంటు గోలే. పాపం దానికేం తెలీదురా, అన్నీ విడమరిచి చెప్పాలిరా అంటుంది. గట్టి పోటీయే తగిలింది బావా నీకు!"

అతను నవ్వాడు. నవ్వుతూనే పరీక్ష ఫ్రేములో అద్దం మార్చాడు.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి." బావమరిది గొంతు తగ్గించాడు. "రేపు అక్కని తీసుకెళ్లడానికి వస్తాను. కొన్నాళ్లు మా ఇంట్లో ఉంటానంది. ఎన్నాళ్లో చెప్పలేదు. నీకు తెలుసుగా?"

అతనికి తెలియదు.

"తెలుసు," అన్నాడు.

ఇప్పుడు మోచేత్తో తలుపు నెట్టాడు.

మామగారు పోయిన నాడు ఆమె ఈ గదిలోకే వెళ్లి తలుపేసుకుంది. "నన్నొదిలెయ్. నాకెవరూ వద్దు," అంది. అతను వదిలేశాడు. అదే మర్యాద అనుకున్నాడు. తర్వాత తలుపు తెరుచుకుంది గానీ, ఆమె మంచం మాత్రం ఈ గదిలోనే ఉండిపోయింది.

గోడ వారన సూట్‌కేసు. ఇంకా జిప్పు వేయలేదు.

"అక్కడ పెట్టు," అంది భార్య వెనక్కి తిరక్కుండానే.

కప్పు పెట్టాడు. కదల్లేదు.

"ఏం రాస్తున్నావ్ దానికి?"

"ప్రేమలేఖ."

పుల్లవిరుపు మాటే. అయినా అతని ఒళ్లు భగ్గుమంది.

అతని మొహం చూసి ఆమె కాస్త మెత్తబడింది.

"పార్సిళ్ల కంపెనీ పని. పార్సిల్ ఎక్కడుందో చూడ్డానికో టూలు, చిరునామా మార్చడానికో టూలు, వెనక్కి పంపేయడానికో టూలు. జనం ఏదో అడుగుతారు. ఏ టూలు వాడాలో ఏజెంటే తేల్చుకోవాలి. ఒక్కో టూలు గురించి నేను రాసిన నాలుగు మాటలే దానికి దిక్కు."

ఇన్ని మాటలు అతను ఈమధ్య విన్లేదు. అవన్నీ దాని గురించే.

"ఏం, నీ ఏజెంటుకి ఇంకా అర్థం కాలేదా?"

"నిన్న ఒకావిడకి పార్సిల్ ఆలస్యమైంది. విసిగిపోయి 'నాకేం వద్దు పొండి' అంది. ఇది వెంటనే వెనక్కి పంపేసింది. వీధి చివరిదాకా వచ్చిన పార్సిల్ అటునించటే వెళ్లిపోయింది."

అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఆమాత్రం తెలీదూ? బుద్ధిలేనిది!"

"దాన్నెందుకంటావ్? తప్పు నాది. వద్దంటే వెనక్కి పంపమనే రాశాను. రాసినట్టే చేసింది పాపం."

ఆ 'పాపం' తనకెన్నడూ దక్కలేదు.

తెర మీదికి వంగాడు.

'ఈ టూలు పార్సిల్‌ను పంపినవారికి తిప్పి పంపుతుంది. ఒకసారి పంపాక ఆపడం కుదరదు. కోపంలోనో బాధలోనో వద్దన్నంత మాత్రాన దీన్ని వాడకూడదు. ముందు మరోసారి అడగాలి. నెమ్మదిగా అడగాలి.'

తన దుకాణంలో చార్టు అడుగు వరస అక్షరాలు చదివేవాళ్లలా, కళ్లు చికిలించి మళ్లీ మొదటినుంచీ చదివాడు.

"నెమ్మదిగా అని కూడా రాయాలా?"

"రాయకపోతే దానికెలా తెలుస్తుంది?"

ఎంత ఓపిక. అదే గొంతు. ఎన్నాళ్లుగానో తన వంతుకు రాని ఆ మెత్తటి గొంతు.

నోటిదాకా వచ్చినదాన్ని మింగేద్దామనుకున్నాడు. మింగుడు పడలేదు.

"నేనూ చెప్పినట్టే చేశాను," అన్నాడు. "ఆ రోజు."

కీబోర్డు మీద ఆమె వేళ్లు నిలిచిపోయాయి.



"వెళ్తూ తలుపు దగ్గరికి వెయ్యి," అంది. "రేపటిలోగా ఇది ముగించాలి."

బయటికొచ్చి తలుపు వేశాడు. నేల మీద మళ్లీ ఆ గీత పడింది. లోపల మళ్లీ ఆ చప్పుడు మొదలైంది.

వంటింటివైపు నడిచాడు. సగం దూరం వెళ్లి ఆగాడు. వెనక్కి వచ్చాడు.

ఈ తలుపును అతను ఏనాడూ తట్టలేదు. ఎక్కడ తట్టాలో తెలియనట్టు చెయ్యి గాల్లోనే కాసేపు తడుముకుంది.

తట్టాడు.

"ఇప్పుడేం వద్దు," అంది లోపలి గొంతు. కీబోర్డు ఆగలేదు.

అతని కాళ్లు వాటంతటవే వెనక్కి మళ్లాయి. ఆ అలవాటు వాటికి బాగా ఉంది.

కాళ్లను నిలబెట్టుకున్నాడు.

వేలి కణుపుతో, నెమ్మదిగా, మరోసారి తట్టాడు.

లోపల కీబోర్డు ఆగింది.

ఈసారి మళ్లీ మొదలు కాలేదు.