పూస పక్కన స్టూలు

"మళ్లీ ఎక్కువే జరిగిందమ్మా," అన్నాడు పెద్దసారు, తెర మీది గీతను చూస్తూ.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఈ ప్రయోగశాలలో ఇన్నేళ్ల చాకిరీకి మిగిలింది కంటికి ఆనని ఈ ఒక్క సిలికాన్ పూస. దానిలోకి పంపిన వెలుగు బయటికి పోకుండా లోపలే గిరగిరా తిరుగుతుంది, తెర మీద సన్నటి గీత పడుతుంది. పిసరంత వేడి తగిలినా గీత పక్కకు జరుగుతుంది. అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పూస పక్కన స్టూలు మీద కూర్చుంటారు. తమ ఒంటి వేడికి గీత ఎంత జరిగిందో చూసుకుని, ఆ మేరకు లెక్కలోంచి తీసేస్తారు. ఎవరికి ఎంత జరగాలో పూసకు కంఠతా వచ్చినట్టే ఉండేది, ఈమధ్య దాకా.

"పూస బీట వారిందేమో సార్."

"అయితే నాకూ తేడా రావాలిగా? లే, నేను కూర్చుంటాను."

ఆయన కూర్చున్నాడు. గీత ఎప్పటి చోటికే వెళ్లి ఆగింది.

"అంటే శని నాదేనన్నమాట!"

"జ్వరమేమైనా ఉందా?"

"లేదు సార్. అలసటంతే. కూర్చున్న చోటే నిద్ర ముంచుకొస్తోంది."

"రేపు పైవాళ్లు తనిఖీకి వస్తున్నారు. మనిషికో మాట చెప్పే పూసను ఎవరు నమ్ముతారు? కారణం దొరక్కపోతే ఈ గదికి తాళమేనమ్మా," అన్నాడాయన నీరసంగా.

ఇంటికెళ్లాక భర్త విసుక్కున్నాడు. "ఆ పూస కోసం ఒళ్లు గుల్ల చేసుకున్నావు. ఇంకా దాన్నే వెనకేసుకొస్తావేం?"

"నాకున్నది అదొక్కటేగా," అంది ఆమె, ఎప్పుడో ఆశపడి బిగించిన ఊయల కొక్కేనికి తడి తువ్వాలు తగిలిస్తూ.

అతను మెత్తబడి, "పొద్దున్నే డాక్టరమ్మకి చూపిద్దాం. నాకెందుకో భయంగా ఉంది," అన్నాడు.

మర్నాడు పైవాళ్లు వచ్చే వేళకి పెద్దసారు ఫోను మోగింది.

"సార్, పూసను తీసెయ్యకండి! అది నిజమే చెప్పింది." ఆమే, డాక్టరమ్మ దగ్గర్నుంచి. పక్కన భర్త వెక్కివెక్కి ఏడవడం వినిపిస్తోంది.

పెద్దసారు కంగారుపడ్డాడు. "ఏమైందమ్మా? నీ ఒక్కదానికే అంత వేడేమిటి?"

"ఒక్కదాన్ని కాదు సార్, ఇద్దరం కూర్చుంటున్నాం."