కొచ్చిన్ సేఠ్ అడిగిన కీర్తన

పసుపు రాశి పక్కనే ముసలి సేఠ్ కూలబడ్డాడు.

రంగు చూడటానికి విరిచిన పసుపుకొమ్ము ఇంకా చేతిలోనే ఉంది.

హమాలీలు ఆయన్ను ఆర్మూర్‌లోని సిస్టర్ల దవాఖానకు మోసుకొచ్చారు. కొచ్చిన్ నుంచి ఏటా పసుపు కొనడానికి వస్తాడని తప్ప, ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

మూడో రోజుకు డాక్టరమ్మ పెదవి విరిచింది.

"ఎవరికన్నా తంతి కొట్టాల్నా సేఠ్?" అడిగింది ఆయా లసుమవ్వ.

"ఎవరున్నరమ్మా? మావోళ్లంత ఎన్నడో ఓడెక్కి పోయిండ్రు."

చర్చి ఉపదేశి నడిపయ్య మంచం పక్కన కూర్చున్నాడు. రోగులను పలకరించడం ఆయనకు రోజూ ఉన్న పనే.

"మీది ఏ మతం సేఠ్?"

"పాతది."

"నడిపన్న సైకిల్ కన్న పాతదా?" అంది లసుమవ్వ.

సేఠ్ నవ్వాడు. సాసర్‌లో చాయ్ తొణికింది.

"కండ్లు కనవడ్తలేవు. మీ పుస్తకంల దావీదు కీర్తనలుంటయి గద, ఒక్కటి చదువు నాయనా."

ముప్పై ఏళ్ల ఉపదేశంలో నడిపయ్యను ఎవరూ తమంతట తాము అలా అడగలేదు.

"గవి మావి సేఠ్. జ్ఞానస్నానం తీస్కో, పొద్దుగూకేదాక చదువుత."

"గది వద్దు. కీర్తన చాలు."

"మరి నీకు రక్షణెట్ల?"

సేఠ్ కళ్లు మూసుకున్నాడు.

వరండాలో లసుమవ్వ నడిపయ్యను పట్టుకుంది. "చదువరాదే అన్నా! బిర్యానీ అడిగిండా ఏంది?"

"నీకు తెల్వదు. చదివితే గంతటితోనే సరిపెట్టుకుంటడు. స్నానం లేకుంట పోతే మనిషి ఆగమైతడు లసుమవ్వా."

మర్నాడు జేబులో నీళ్ల సీసాతో వచ్చాడు. ప్రాణాపాయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు.

"కీర్తన..." అన్నాడు సేఠ్.

"రెండు చుక్కలు సేఠ్. గంతే. ఎనకనే చదువుత."

"అలిసిపోయిన నాయనా."

సేఠ్ గోడవైపు తిరిగాడు. లసుమవ్వ చాయ్ తెచ్చేసరికి ఊపిరి లేదు.

మధ్యాహ్నం బస్సుకు నిజామాబాద్ నుంచి కొత్త ఫాదర్ వచ్చాడు.

"ఆయన ఆత్మను గెలువలేకపోయిన ఫాదర్," అన్నాడు నడిపయ్య. సీసా మూత కూడా తీయలేదు.

అడ్రసు కోసం ఫాదర్ సేఠ్ సంచి వెతికాడు. చిన్న తోలు అట్ట పుస్తకం దొరికింది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు.

"ఉర్దూనా ఫాదర్?" అడిగింది లసుమవ్వ.

ఫాదర్ తల అడ్డంగా ఊపి, చాలాసేపు పేజీలు తిప్పాడు.

"చివరికి ఏమన్నా అడిగాడా?"

"దావీదు కీర్తన. గది మనది గద, స్నానమైనంకనే చదువుత అన్న."

ఫాదర్ పుస్తకం మూసి శవం గుండెల మీద పెట్టాడు.

"దేవుడు వీళ్లకిచ్చిన మాట వెనక్కి తీసుకోలేదని రోములో మన సభే చెప్పింది. చెప్పి ఇరవై ఏళ్లు దాటింది."

"వీళ్లంటే?"

"ఈయన యూదుడు నడిపయ్యా, ఆ కీర్తనల్ని మన చేతికిచ్చిందే వీళ్ల తాతలు."