సీటు ఖాళీగా ఉండకూడదు

చిలకమ్మకు కడుపులో తిప్పింది. హెడ్‌ఫోన్ బల్ల మీద పడేసి బాత్రూమ్‌కి పరుగెత్తింది.

చిలకమ్మ అసలు పేరు కాదు. ఆఫీసులో పెట్టిన పేరు. ఆ హాల్లో అందరి పనీ ఒకటే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముక్కూమొహం తెలియని వాళ్లకు ఫోన్ చేసి ఒప్పించడం. ఇలాంటి ఫోన్లంటే జనానికి ఒళ్లుమంట. కొందరు తిడతారు. కొందరు మాట పూర్తికాకముందే పెట్టేస్తారు. చిలకమ్మ "ఒక్క నిమిషం వదినా" అంటే మాత్రం ఎంత విసుగులో ఉన్నవాళ్లయినా ఆగుతారు. ఆ గొంతు అలాంటిది.

మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. పక్క సీటు అక్క వంగి చూసింది.

"ఏంటే, అలా పీక్కుపోయావు?"

"రాత్రి తిన్నది పడలేదక్కా."

"నా దగ్గరా నీ నాటకాలు? ఇద్దర్ని కన్నదాన్నే నేను. ఎన్నో నెల?"

"నీకు దణ్ణం పెడతా, మెల్లగా మాట్లాడక్కా."

అక్క గొంతు తగ్గించింది. "మీ ఆయన ఏమన్నాడు?"

"ఎగిరి గంతేశాడు. కాసేపాగి కూర్చుని ఏడ్చాడు."

ఏడవక ఏం చేస్తాడు పాపం. అతను స్కూలు బస్సు నడిపేవాడు. ఎక్కే పిల్లలు తగ్గిపోయారని బస్సు అమ్మేశారు. ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. అద్దె, బియ్యం, అత్తగారి మందులు, అన్నీ చిలకమ్మ గొంతు మీదే నడుస్తున్నాయి. ఆ గొంతు కూడా కాంట్రాక్టు మీదే ఉంది.

మధ్యాహ్నం హాలు మొత్తాన్ని చూసుకునే మేడమ్ తన గదికి పిలిచింది.

"కూర్చో అమ్మా. శుభవార్త. హాలు మొత్తానికి ఒక్క పర్మనెంట్ పోస్టు వచ్చింది. నీ పేరే రాసి పంపాను. నీలా మాట్లాడమని అందరికీ చెప్తూనే ఉంటాను."

చిలకమ్మకు కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించింది.

మేడమ్ కిటికీ దగ్గరున్న కుండీలోంచి ఒక ఎండుటాకు తుంచింది. "అడగకూడదు గానీ అడుగుతున్నా. విశేషం ఏమైనా ఉందా?"

"లేదు మేడమ్."

"ఉంటే ఇప్పుడే చెప్పు. నెలల తరబడి సెలవంటే పైవాళ్లు ఒప్పుకోరు. సీటు ఖాళీగా ఉండకూడదు. ఆ మూల సీటు అమ్మాయి సంగతి చూశావుగా. సెలవు అడిగింది. మర్నాడే ఇంకో పిల్ల వచ్చి కూర్చుంది."

"అలాంటిదేం లేదు మేడమ్."

"ఉన్నా కొంపలేం మునగవులే. శుక్రవారం ఆస్పత్రికి వెళ్తే సోమవారం వచ్చి సీట్లో కూర్చోవచ్చు. నీ వయసెంతని! తర్వాత చూసుకోవచ్చు." మేడమ్ ఆకును బుట్టలో వేసింది. "నేనూ అలాగే తర్వాత, తర్వాత అనుకున్నాను. చివరికి ఈ కుర్చీ మిగిలింది."

అన్నది అభిమానంతోనే. అందుకే చిలకమ్మ మళ్లీ చేతులు జోడించి లేచింది.

బయటికొచ్చి వరండాలో నిలబడింది. అక్కడ గోడవారగా బహుమతి పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఫోన్లో ఒప్పించిన వాళ్ల ఇళ్లకు కొన్నాళ్లకు పంపే పెట్టెలు. లేత గులాబీ రిబ్బన్లు కట్టి ముద్దుగా ఉంటాయి. ఎప్పటికైనా ఇందులో ఒకటి తమ ఇంటికీ రావాలని చేరిన కొత్తలో ఆమెకు ఎంత ఆశో. ఇప్పుడు వాటికే ఆనుకుని మొగుడికి ఫోన్ చేసింది.

"పోస్టు నాకేనట."

"మరి... ఆ సంగతి?"

"లేదని చెప్పేశాను."

"నేనేదో ఒక పని చూసుకుంటానే. మూటలైనా మోస్తాను. ఇన్నేళ్లకు కడుపు పండిందే, తొందరపడకు."

"ఏడాదిగా చూస్తూనే ఉన్నారుగా!" అనేసింది. అన్నాక నాలుక కొరుక్కుంది. ఆ మాట అతనికి ఎక్కడ తగిలి ఉంటుందో ఆమెకు తెలుసు. "శుక్రవారం తీయించేసుకుంటాను. మీరు తోడు రండి. ఒక్కదాన్నే వెళ్లలేను."

అటునుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. ఆమె ఫోన్ పెట్టేసి, పెట్టెల చాటున కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తనివితీరా ఏడవడానికి కూడా వీల్లేదు. భోజనాల టైమ్ అయిపోయింది.

లోపలికి వచ్చి "శుక్రవారం నేను రానక్కా" అనేసరికి అక్కకు అంతా అర్థమైపోయింది. తన మంచినీళ్ల సీసా ఇటు జరిపింది.

"శుక్రవారం నీ ఫోన్లు కూడా నేనే చేస్తాలే," అంది గోడవైపు చూస్తూ.

చిలకమ్మ రెండు గుక్కలు తాగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. హాలు చివర మేడమ్ నిలబడి నవ్వుతూ తల ఊపింది.

ఆమె గొంతు సవరించుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని, తర్వాతి నంబరు కలిపి తేనెలూరేలా అంది: "నమస్కారం వదినా, జనాభా పెంపు శాఖ నుంచి మాట్లాడుతున్నాను, పెళ్లై ఇన్నేళ్లయింది కదా, మరి బుజ్జి పాపాయిని ఎప్పుడు కంటున్నారు?"