పలికే గుమ్మటం

"చెవి గోడకి ఆనించండమ్మా. అత్తగారి మీద చాడీలు మాత్రం ఇక్కడ చెప్పకండి, చుట్టూ తిరిగి ఆవిడ చెవినే పడతాయి," అన్నాడు గైడు.

సమాధి గుమ్మటం లోపల, పైన చుట్టూ తిరిగే వరండా వెంట నడిచి, అవతలి వైపు నిలబడి కాగితం చింపాడు. ఆ చప్పుడు ఇవతల గోడకి చెవి ఆనించిన ఆమెకి పక్కనే వినబడింది.

"ఒక్క స్తంభం లేకుండా ఇంత కప్పు నిలబెట్టారు వదినా," అన్నాడు పక్కనున్న మరిది. "దీనికి సున్నం పూసిన చెయ్యి మా అన్నది."

ఆ సున్నం పూస్తూనే ఆమె మొగుడు కిందటేడు మరమ్మతుల్లో పరంజా మీంచి ఈ వరండాలో పడ్డాడు. దుమ్ముకి కట్టిన పరదా చాటున పడ్డాడనీ, ప్రాణం పోయేదాకా ఎవరికీ తెలియలేదనీ కాంట్రాక్టరు చెప్పాడు. కూలివాడు ఎలా చచ్చాడో చెప్పేది ఎప్పుడూ కాంట్రాక్టరే. మరిదీ అదే చెప్పాడు. ఆమె నమ్మింది.

"ఆవేళ నువ్వెక్కడున్నావు?"

"అదిగో, గైడు నిలబడ్డచోటే."

"మీ అన్న?"

"ఇక్కడే, నువ్వున్న..."

"కాగితం చిరిగితే వినబడే చోట మనిషి మూలిగితే వినబడదా? చెవుల్లో సీసం పోసుకున్నావా?"



"వినబడింది వదినా. పరుగెత్తబోతే కాంట్రాక్టరు రెక్క పట్టుకున్నాడు. కింద పెద్దమనుషులు గుమ్మటం చూస్తున్నారు, వాళ్లు వెళ్లేలోగా కదిలితే పనిలోంచి తీసేస్తానన్నాడు."

"మరి వాళ్లకి వినబడలేదా?"

"వినబడింది. గుమ్మటం ఎంత బాగా పలుకుతోందోనని చప్పట్లు కొట్టారు."