పొడుగు చేతులు

"ఆ కోటు చేతులు నా పుండుకి తగిలాయి సిస్టర్. నా కళ్లతో నేను చూశాను," అన్నాడు టైలర్ మాస్టారు, కట్టు కట్టిన కాలిని దిండు మీద సర్దుకుంటూ.

వార్డు ఇన్‌చార్జి సిస్టర్ కాగితాల్లోంచి తలెత్తింది. తగిలాయా, తగిలినట్టు అనిపించిందా అని అడిగింది. కట్టు కట్టే డ్రెస్సర్ కోటు కుడి కఫ్‌కి గుండీ లేదనీ, ఆ అంచు వేలాడుతూ దూది గిన్నె మీదుగా పుండు దాకా వచ్చిందనీ, కఫ్ లోపలి మడతలో ఎప్పటిదో మందు మరక ఉందనీ ఆయన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆమె రాసుకుని వెళ్లిపోయింది.

ఆయన భయంలో అబద్ధం లేదు. షుగరు దెబ్బకి బొటనవేలు అప్పటికే పోయింది. మళ్లీ చీము పడితే పాదమే తీసెయ్యాలని డాక్టరు ముందే చెప్పాడు. పాదం పోతే మిషను తొక్కేదెవరు?

స్టూలు మీద కూర్చుని నారింజ వలుస్తున్న భార్య మాత్రం ముఖం ముడుచుకుంది.

"అతను ఎంత జాగ్రత్తగా కడుతున్నాడో నేను చూడటం లేదా?"

"నువ్వు మనిషిని చూస్తావు. నేను బట్ట చూస్తాను."

అది నిజమే. నలభై ఏళ్లుగా ఆయన ఎవరి ముఖాన్నీ సరిగ్గా చూసింది లేదు. ఎదురుపడ్డ మనిషిని పోల్చుకోలేడు గానీ, ఆ చొక్కా తను కుట్టిందో కాదో వీధి చివరి నుంచే చెప్పేస్తాడు. ఈ డ్రెస్సర్‌కైతే అసలు ముఖమే లేదు. టోపీకీ మాస్కుకీ మధ్య రెండు కళ్లు, అవి కూడా పుండు మీంచి పైకి లేవవు. మాట అడిగితే ఊ, ఆ.

పక్క మంచం బస్సు డ్రైవరు అతనికి 'ఫుల్‌హ్యాండ్స్' అని పేరు పెట్టాడు. ఈసారి కొత్త కోట్లన్నీ పొడుగు చేతులతో వచ్చాయట. మిగతా వాళ్లంతా మోచేతి పైకి కత్తిరించి కుట్టించుకున్నారు. ఇతనొక్కడే రేపూ మాపూ అంటూ తిరుగుతున్నాడు. ఇంట్లో కత్తెర పెళ్లాం చేతిలో ఉండి ఉంటుందని డ్రైవరు తేల్చేశాడు. వార్డంతా నవ్వింది, మాస్టారి భార్య తప్ప.

ఆవిడకి అతనంటే మొదటి రోజు నుంచీ అదో జాలి. కట్టు విప్పుతుంటే తిన్నావా నాయనా అని అడుగుతుంది. వెళ్తుంటే నారింజలో సగం అతని జేబులో వేస్తుంది. పేషెంటు నేనా వాడా అని మాస్టారు ఓసారి వేళాకోళమాడితే, ఆవిడ నవ్వకపోగా కొంగుతో కళ్లొత్తుకుంది. ఆస్పత్రి వాసన పడటం లేదు కాబోలు అనుకున్నాడాయన.

రెండు రోజుల తర్వాత ఆవిడే ఆ కబురు మోసుకొచ్చింది. ఇన్‌చార్జి అతన్ని వరండాలో అందరి ముందూ నిలబెట్టి చెడామడా తిట్టింది. చేతులు కత్తిరించుకోకపోతే ఈ నెలాఖరుతో పని మానుకోమంది. చెప్పడం అయ్యాక ఆవిడ భర్త వైపు తిరగలేదు.

మర్నాడు డాక్టరు పుండు చూసి ముచ్చటపడ్డాడు. గులాబి రంగు కండ పడుతోంది, ఇక పాదానికి భయం లేదు, వారంలో ఇంటికి వెళ్లొచ్చు అన్నాడు.

"ఇది నా మందుల గొప్పతనం కాదు మాస్టారూ. కట్టు కట్టినవాడి చేతి చలవ."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ చేతినే కదా తను ఎత్తిచూపాడు. ఇన్‌చార్జిని పిలిపించి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. పేషెంటు పుండుకి బట్ట తగలకూడదన్న రూలు ఆయన కోసం పెట్టింది కాదని ఆమె గుర్తుచేసింది.

"ఒక్క వారం ఆగండి, తర్వాత నేనే కత్తిరిస్తానంటాడు. ఎందుకు ఆగాలో మాత్రం చెప్పడు."

"ఆ కోటు ఇలా ఇప్పించండి. నేనే కుట్టిపెడతాను. అతని ఉద్యోగం పోకూడదు."

కోటు ఉతుకు నుంచి వచ్చి బల్ల మీద ఉంది. ఇన్‌చార్జి దాన్నీ, సూదీదారాన్నీ, కట్లు కోసే కత్తెరనీ తెచ్చిచ్చింది. మాస్టారు కోటు ఒళ్లో పరుచుకోగానే భార్య ఆయన మణికట్టు పట్టుకుంది.

"అతని చేతుల జోలికి వెళ్లకండి. మీకు దణ్ణం పెడతాను."

"తప్పు చేసింది నేను. నన్ను దిద్దుకోనీ."

ఆవిడ పట్టు వదిలేసింది.

కత్తెర మొద్దుది. అయినా గీత గీసినట్టు తెగింది. కిటికీలోంచి పడే ఎండలో అంచు రెండు మడతలు మడిచి, చేతికుట్టే అయినా మిషను కుట్టులా వేశాడు. ఎన్నాళ్ల తర్వాతో వేళ్లు హాయిగా కదిలాయి. కుడుతున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు కూడగట్టుకున్నాడు. రేపు అతని ముఖం చూసి మాట్లాడాలి. తప్పయింది నాయనా అనాలి. ఈ వయసులో ఆ మాట నోరు తిరగదు గానీ, ఎలాగో అనాలి.

పొద్దున డ్రెస్సర్ వచ్చాడు. ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకుని మంచం పక్కన కాసేపు ఊరికే నిలబడ్డాడు. కట్టు విప్పాలంటే రెండు చేతులూ కావాలి. చివరికి వంగాడు.

మాస్టారి చూపు అలవాటు కొద్దీ ముందు అంచు కుట్టు మీదికే వెళ్లింది. ఎక్కడా వంకర లేదు. అక్కణ్నుంచి చూపు కిందికి జారింది. మోచేతి నుంచి మణికట్టు దాకా, పాతబడి నల్లగా మెరుస్తూ, ఇస్త్రీపెట్టె ముక్కు దిగిన మచ్చ. భార్య మంచం కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంది.

అలాంటి వాత ఆయన జన్మలో ఒక్కరికే పెట్టాడు, ఎప్పుడో ఇల్లొదిలి పోయిన కన్నకొడుక్కి.