ఒక మెట్టు వదులు

రైల్లోనూ చదువుకునేటప్పుడూ పనికొస్తాయని, బయటి గోల ఆపే చవక హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాను. నా చిన్న తలకు సరిపోయేలా పట్టీ చివరిదాకా బిగించి ఉంచుతాను. రోజూ తెల్లారేసరికి అది ఒక మెట్టు వదులై ఉంటోంది.

"మళ్ళీ ముట్టుకున్నావా?" అని నాతో ఒకే గదిలో ఉండే అక్క మీద విరుచుకుపడ్డాను.

"నీ బోడి హెడ్‌ఫోన్స్ ఎవరిక్కావాలే!" అంటూ అక్క బ్యాగు సర్దుకుని స్నేహితురాలి గదికి పోయింది.

పీడా వదిలిందనుకున్నాను. రాత్రి తలుపు గడియ వేసి, పట్టీ బిగించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చదవడానికి కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు కూడా వినిపించడం లేదు. నా రెండు చేతులూ పుస్తకం మీదే ఉన్నాయి.

కుడి చెవి పైన పట్టీ టిక్కుమని ఒక మెట్టు వదులైంది.

చవక సరుకు, జారిందిలే అనుకున్నాను.

రెండు వైపులా సమానంగా ఉండాలన్నట్టు, ఎడమ పక్క కూడా మెల్లిగా టిక్కుమంది.